శ్రీయుత పంటి గార గారికి

అయ్యా,

కింది ముందు పళ్ల వెనక స్థిరపడ్డ తమరికి నమస్కారాలు. స్థలం బాగా ఎంచుకున్నారు. పక్కనే లాలాజలం ఊరుతుంది, అందులోని కాల్షియం ఊరికే దొరుకుతుంది. మెత్తటి పాచిగా వచ్చి రాయిలా బిగుసుకున్నారు. ఇక ఎంత తోమినా తమరు కదలరు.

తమరి మర్యాద గొప్పది. నొప్పి పెట్టరు. ఉమ్మితే కాస్త ఎర్రగా కనిపిస్తుంది, అంతే. "బ్రష్ గట్టిదేమోలే" అని సాకు మేమే వెతికిపెట్టి, నెత్తురొచ్చే చోట తోమడం మానేస్తాం. పొగ తాగేవాళ్లకు ఆ ఎరుపు కూడా సరిగా కనబడదు. పొగాకు చిగుళ్లలో రక్తప్రసారాన్ని తగ్గించి తమరి గుట్టు కాపాడుతుంది.

పంటికీ చిగురుకీ మధ్య 3 మిల్లీమీటర్ల దాకా సందు మామూలే. తమరి చలవతో అది 5, 6 అవుతుంది. గాలాడని ఆ సందులోకి పోర్ఫైరోమోనాస్ జింజివాలిస్ లాంటి, పేరు పలికితేనే నోరు తిరగని బాక్టీరియా చుట్టాలు దిగుతారు. ఇక వాపు ఏళ్ల తరబడి ఆరదు. చిగుళ్ల జబ్బు ఉన్నవాళ్లలో నోటి క్యాన్సర్ ఎక్కువగా కనిపించిందని కొన్ని అధ్యయనాలు అంటున్నాయి. కానీ అన్యాయంగా మాట్లాడకూడదు. క్యాన్సర్ తెచ్చింది తమరేనని రుజువు కాలేదు. పొగాకు, వక్క, మద్యం అసలు ముద్దాయిలు. అవి తిరిగే నోట్లోనే తమరూ ఉంటారు కాబట్టి ఎవరి వాటా ఎంతో తేలదు. అంతవరకూ బెయిలు మీద హాయిగా ఉండండి.

నా కోపం వేరే. క్యాన్సర్ తమరి పేరు చెప్పుకుని దాక్కుంటోంది. చిగురు మీద పుండు పడుతుంది, కారణం లేకుండా ఒక్క పన్ను కదులుతుంది, పన్ను పీకించిన గుంట పూడదు. "చిగుళ్ల జబ్బేలే" అని మౌత్‌వాష్ పుక్కిలిస్తూ నెలలు గడుపుతాం. రెండు వారాలు దాటినా మానని పుండునైనా, తగ్గని తెల్ల మచ్చనైనా ఎర్ర మచ్చనైనా డాక్టరుకు చూపించాలి, అవసరమైతే బయాప్సీ (చిన్న ముక్క తీసి చేసే పరీక్ష) చేయించాలి. ఆ తొందర మాకు రాకుండా చేస్తున్నది తమరి మంచిపేరే.

"క్లీనింగ్ చేయిస్తే పళ్లు వదులవుతాయి" అన్న ప్రచారం కూడా తమకు బాగా కలిసొచ్చింది. లోపల ఎముక కరిగిపోతుంటే పైన సిమెంటులా అంటుకుని, పళ్లను నిలబెట్టేది తామేనని నమ్మించారు. తమరు పోయాక కనబడే సందులు తమరు తవ్వినవే కదా!

గురువారం పదిన్నరకు స్కేలింగ్, అంటే తమరిని గీకి తీసేసే క్లీనింగ్. చుట్టాలను కూడా సిద్ధంగా ఉండమనండి.

ఇట్లు,
పళ్ల యజమాని