బొగ్గు ప్లాంట్లను మూయిస్తున్నది కోర్టులా?

అమెరికాలో కరెంటు బిల్లుల మాట వచ్చినప్పుడల్లా ఒక వాదన జోరుగా షేర్ అవుతుంది. సారాంశం ఇదీ: "పర్యావరణ సంఘాలు కోర్టుకెక్కి, చక్కగా నడుస్తున్న బొగ్గు ప్లాంట్లను మూయిస్తున్నాయి. అందుకే బిల్లులు పెరుగుతున్నాయి. రేపు గ్రిడ్ కుప్పకూలితే బాధ్యత వాళ్లదే." ఒక్కో ముక్కా విడిగా చూద్దాం.

"కోర్టులు మూయిస్తున్నాయి." అసలు కేసులు దేనిమీదో తెలిస్తే ఈ మాట నిలబడదు. అక్కడి స్వచ్ఛ వాయు చట్టానికి 1977లో చేసిన సవరణలు పాత ప్లాంట్లకు ఒక వెసులుబాటు ఇచ్చాయి. ఉన్నవి ఉన్నట్టు నడుపుకోవచ్చు. కానీ పెద్ద మార్పులు చేసి, దానివల్ల కాలుష్యం పెరిగితే మాత్రం ముందే అనుమతి తీసుకోవాలి, కొత్త ప్లాంటు స్థాయి నియంత్రణలు పెట్టాలి. చాలా కంపెనీలు బాయిలర్లలో ప్రధాన భాగాలు మార్చి, ప్లాంటు ఆయుష్షు పెంచుకుని, అది మామూలు మరమ్మతే అన్నాయి. గంటకు వెలువడే పొగ పెరగలేదు కదా అని డ్యూక్ ఎనర్జీ వాదించింది. ప్లాంటు ఎక్కువ గంటలు నడిస్తే ఏడాది మొత్తంలో కాలుష్యం పెరుగుతుంది. ఆ లెక్కన అనుమతి అడగడం చట్టబద్ధమేనని 2007లో సుప్రీంకోర్టు తేల్చింది.

మిస్సోరీలో అమెరెన్ కంపెనీకి చెందిన రష్ ఐలాండ్ ప్లాంటు కథ కూడా ఇదే. 2007లో ఒక యూనిట్‌కు, 2010లో రెండోదానికి అనుమతి లేకుండా భారీ పనులు చేశారు. 2011లో కేసు వేసింది కేంద్ర ప్రభుత్వం. సియెర్రా క్లబ్ అనే పర్యావరణ సంఘం తర్వాత చేరింది. చట్టాన్ని ఉల్లంఘించారని 2017లో న్యాయమూర్తి తీర్పిచ్చారు. సల్ఫర్ డయాక్సైడ్‌ను పట్టే స్క్రబ్బర్లు పెట్టమని 2019లో ఆదేశించారు, మూసేయమని కాదు. 2021లో అప్పీలు కోర్టులో కూడా ఆ ఆదేశం నిలిచాక, స్క్రబ్బర్ల ఖర్చు కన్నా మూసేయడమే మేలని నిర్ణయించుకున్నది కంపెనీయే. పొగ శుభ్రం చేసే ఖర్చు లెక్కలోకి రాగానే గిట్టుబాటు కాని ప్లాంటు "చక్కగా నడుస్తున్నది" ఎలా అవుతుంది? అన్నాళ్లూ ఆ ఖర్చు గాలివాటున ఉన్నవాళ్ల ఊపిరితిత్తులు భరించాయి.

"అందుకే బిల్లులు పెరుగుతున్నాయి." అమెరికాలో చాలా రాష్ట్రాల్లో కరెంటు కంపెనీ లాభం అది పెట్టిన పెట్టుబడి మీద లెక్కగడతారు. బొగ్గు కొన్న ఖర్చు దాదాపు మొత్తం బిల్లుల్లోనే రాబట్టుకుంటారు. అంటే పాత ప్లాంటు మీద ఎంత ఎక్కువ గుమ్మరిస్తే కంపెనీకి అంత ఎక్కువ రాబడి. ఆ గుమ్మరింపు అవసరమేనా అని నిలదీసే చోట్లు రెండే: కరెంటు చార్జీలు ఖరారు చేసే రాష్ట్ర కమిషన్, కోర్టు.

మిసిసిపీలోని కెంపర్ ప్లాంటునే తీసుకోండి. లిగ్నైట్ బొగ్గును గ్యాస్‌గా మార్చి కరెంటు తీస్తామన్న ఆ ప్రాజెక్టుకు కమిషన్ ఇచ్చిన ఆమోదంలో తగిన ఆధారాలు చూపలేదని, సియెర్రా క్లబ్ అప్పీలు మీద 2012లో రాష్ట్ర సుప్రీంకోర్టు దాన్ని తిప్పి పంపింది. కమిషన్ మళ్లీ ఆమోదించింది. ఖర్చు 700 కోట్ల డాలర్లు దాటింది. 2017లో బొగ్గు భాగాన్ని వదిలేసి మామూలు గ్యాస్ ప్లాంటుగానే నడపాలని నిర్ణయించారు. ఈలోగా ప్లాంటు పూర్తికాకముందే పెంచిన చార్జీలను వినియోగదారులకు తిరిగి ఇమ్మని 2015లో అదే కోర్టు ఆదేశించింది. ఇక్కడ బిల్లు పెంచింది ఎవరు, వెనక్కి ఇప్పించింది ఎవరు?

ఈ వాదనలో ఒక నిజం లేకపోలేదు. ప్లాంటు మూతపడినా, దానిమీద ఇంకా తీరని పెట్టుబడి వినియోగదారుల నెత్తినే పడవచ్చు. అది బాధ కలిగించేదే. కానీ ఆ బరువు మూసిన రోజు పుట్టలేదు, ఆ డబ్బు ఖర్చుపెట్టిన రోజే పుట్టింది. అందుకే సవాలు ముందుగానే రావాలి.

ఇక గ్రిడ్ సంగతి. రష్ ఐలాండ్‌ను వెంటనే ఆపితే ఆ ప్రాంతంలో సరఫరాకు ఇబ్బంది అని గ్రిడ్ నిర్వాహక సంస్థ చెప్పింది. న్యాయమూర్తి గడువిచ్చారు, ఈలోగా ప్రసార వ్యవస్థలో అవసరమైన పనులు జరిగాయి, ప్లాంటు 2024 అక్టోబరులో ఆగింది.