ఆరబెట్టడం వేరు, శుభ్రపరచడం వేరు

ఇంట్లో బట్టలు ఆరబెట్టే చిన్న పోర్టబుల్ డ్రైయర్ ఉంటే పట్టు, ఉన్ని వంటి సున్నితమైన దుస్తులను డ్రై క్లీనింగ్‌కు ఇవ్వనక్కరలేదని ఒక వ్యాసంలో వ్యాసకర్త వెలిబుచ్చిన అభిప్రాయంతో నేను ఏకీభవించలేకపోతున్నాను. డ్రైయర్ తడిని మాత్రమే తీసివేస్తుంది. డ్రై క్లీనింగ్‌లోనైతే నీటికి బదులు పెర్‌క్లోరోఇథిలిన్, హైడ్రోకార్బన్ వంటి ద్రావకాలు నూనె, జిడ్డు మరకలను కరిగించి తీసుకుపోతాయి. అవి నీటిలా పోగులను ఉబ్బించవు కనుక వస్త్రం ఆకారం చాలావరకు చెదరదు.

అంతకన్నా ముఖ్యమైన విషయం వ్యాసంలో ప్రస్తావనకు రాలేదు. మరక పూర్తిగా పోని బట్టకు వేడిగాలి తగిలితే, ముఖ్యంగా అది రక్తం, గుడ్డు వంటి మాంసకృత్తుల మరకైతే, పోగుల్లో నాటుకుపోయి తరువాత తీయడం చాలా కష్టమవుతుంది. ఉన్ని పోగుల మీద సన్నని పొలుసులుంటాయి. తడి, వేడి, రాపిడి కలిసినప్పుడు అవి ఒకదానితో ఒకటి పెనవేసుకుని వస్త్రం శాశ్వతంగా కుంచించుకుపోతుంది. బట్టలను తిప్పే డ్రమ్ము రకంలో ఈ ప్రమాదం ఎక్కువ. హ్యాంగర్లకు తగిలించి గాలి పంపే గుడారం రకంలో అంత రాపిడి ఉండదు కాబట్టి, నీటిలో ఉతకవచ్చని లేబుల్ చెబుతున్న పలుచని దుస్తులకు, వేడి తగ్గించి వాడుకుంటే, అది నిజంగా ఉపయోగకరమే.

లేబుల్ మీద చతురస్రంలో వృత్తం ఉండి దానిపై కొట్టివేత గుర్తు కనిపిస్తే డ్రమ్ము డ్రైయర్ జోలికి పోకూడదు. పెట్రోలు వంటి మండే ద్రావకంతో ఇంట్లోనే మరక తుడిచిన బట్టను ఏ డ్రైయర్‌లోనూ వేయవద్దని తోటి పాఠకులను ప్రత్యేకంగా కోరుతున్నాను, ఎందుకంటే ఆ ఆవిరి అంటుకుని మంటలు లేవవచ్చు.