అయ్యా స్కోప్ గారూ, మీకో దండం

గౌరవనీయులైన స్కోప్ గారికి,

నమస్కారం. మీరు క్షేమమేనని నాకు తెలుసు, మీకేం తక్కువండీ, మా ఇంట్లో అల్లుడికి కూడా జరగనంత మర్యాద మీకు జరుగుతోంది. నిన్న మిట్టమధ్యాహ్నం ఊరికి 40 కిలోమీటర్ల అవతల, పొలాల మధ్య అద్దాల మేడలా లేచిన ఒక ప్రైవేట్ యూనివర్సిటీలో మీ కోసం నాలుగు గంటలు కూర్చొచ్చాను, ఆ ముచ్చట చెప్పుకుందామనే ఈ ఉత్తరం.

మా అమ్మాయి ఇంటర్ ఎంపీసీ అయిపోయింది, ఇక ఫిజిక్సూ మ్యాథ్సూ చదువుతానంటోంది. ర్యాంకు కోసం కాదండీ, ఊరికే, ఇష్టమై. ఆ మాట అన్న రోజు మా హాల్లో ఫ్యాను చప్పుడు తప్ప ఇంకేం వినపడలేదు. ఆ తర్వాత మా తోడల్లుడి నోట్లోంచి మీరు దయచేశారు. "అదంతా బానే ఉంది తమ్ముడూ, దానికి స్కోప్ ఏముంది?" అంతే, అప్పట్నుంచి పక్కింటావిడా మీరే, కటింగ్ షాపాయనా మీరే, గ్యాస్ సిలిండర్ తెచ్చిన కుర్రాడు కూడా ఖాళీ బండ ఎత్తుకుంటూ "ఫిజిక్స్ అంటే స్కోప్ ఉండదు కదా సార్" అనేసి పోయాడు. రెండేళ్ళ పాటు పొద్దున ఐదింటి నుంచి రాత్రి పదింటిదాకా ఆ పిల్ల చేత ఎమ్మూ పీయూ రుద్దించింది మనమే, తీరా అది ఆ ఎమ్మూ పీయే ఇంకొంచెం చదువుతానంటే పిల్లకేమైనా అయిందా అని మొహం చూసేదీ మనమే. కాలినడకన కొండెక్కించి, గుడి ముందుకి తీసుకెళ్ళి, దర్శనం ఎందుకమ్మా లడ్డూ తిని దిగిపోదాం పద అన్నట్టు.

సరే, నిన్నటి సంగతి. టై కట్టుకున్న కౌన్సెలర్ బాబు చల్లటి మజ్జిగ ప్యాకెట్ ఇచ్చాడు (అది బావుంది, ఉన్న మాట చెప్పుకోవాలి). "ఫిజిక్స్, మ్యాథ్స్" అన్నాను. "సీఎస్ఈలో ఏఐ ఎంఎల్ ఉంది సార్" అన్నాడు. ఫిజిక్స్ బాబూ అన్నాను. డేటా సైన్స్ అన్నాడు. ఫిజిక్స్ అన్నాను. "ఫిజిక్స్‌కి స్కోప్..." అని మీ నామస్మరణ మొదలెట్టాడు. మా పిల్ల నోట్‌బుక్‌లో ప్రశ్నలు రాసుకుని వచ్చింది పాపం, క్వాంటం మెకానిక్స్ ఏ సెమిస్టర్‌లో ఉంటుంది, పాఠం ఎవరు చెప్తారు, ఫిజిక్స్ మేజర్ తీసుకుంటే మ్యాథ్స్ ఎన్ని పేపర్లు చదవనిస్తారు, మీ దగ్గర చదివి ఎవరైనా పీహెచ్‌డీకి వెళ్ళారా అని. నాలుగింటికీ కలిపి హైయెస్ట్ ప్యాకేజీ ఎంతో చెప్పాడు. చివరికి బ్రోచర్‌లో ఎక్కడో అడుగున బీఎస్సీ ఫిజిక్స్ అని ఒక్క లైను దొరికింది, దాని మీద వేలు పెట్టేలోపే "అది 15 మంది చేరితేనే నడుపుతాం సార్, చేరకపోతే డేటా సైన్స్‌లోకి మార్చేస్తాం, ఫీజు తేడా కట్టుకుంటే సరిపోతుంది" అన్నాడు. ఇడ్లీ అయిపోయింది, పూరీ ఇవ్వమంటారా అన్నంత తేలిగ్గా.

అయ్యా, చిన్న సందేహం. ఆ బాబు అమ్ముతున్న ఏఐ లోపల ఉన్నదేంటండీ, లీనియర్ ఆల్జీబ్రా, కాలిక్యులస్, ప్రాబబిలిటీ కాదా? 2024లో ఫిజిక్స్ నోబెల్ హాప్‌ఫీల్డ్‌కీ హింటన్‌కీ ఇచ్చింది ఈ ఏఐకి పునాదైన న్యూరల్ నెట్‌వర్క్స్ పనికే కదా? అంతెందుకు, మన సి.ఆర్.రావు గారు ఆంధ్రా యూనివర్సిటీలో లెక్కల్లో ఎం.ఏ. చేసి, మిలిటరీ సర్వేలో ఏదో ఉద్యోగముందంటే కలకత్తా వెళ్ళారు, అది రాలేదు, అక్కడ ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్ అని ఒకటుందని తెలిసి 1941లో దాంట్లో చేరారు. అప్పటికి స్టాటిస్టిక్స్ అంటే ఏంటో మన ఊళ్ళలో ఎంతమందికి తెలుసు? 1945లో, పాతికేళ్ళ వయసులో ఆయన రాసిన పేపర్ని ఈరోజు డేటా సైన్స్ పిల్లలు చదువుకుంటున్నారు. 2023లో, 102 ఏళ్ళప్పుడు ఇంటర్నేషనల్ ప్రైజ్ ఇన్ స్టాటిస్టిక్స్ ఇచ్చారు. ఆ రోజు కలకత్తా స్టేషన్లో మా తోడల్లుడు ఎదురుపడి ఉంటే ఆయన్ని అట్నుంచటే వాల్తేరు రైలెక్కించేసేవాడు.

ఇంక మర్యాద నావల్ల కాదు, నువ్వు అనే అంటాను. నీ వల్ల ఎంత దాచిపెట్టారయ్యా మా దగ్గర! మా పిల్ల చదివిన కాలేజీ చుట్టూ ఎన్ని ఫ్లెక్సీలు, ఒక్కదాని మీదైనా నెస్ట్ అనే సైన్స్ ఎంట్రన్స్ ర్యాంకు చూశానా? ఐసర్‌లని సైన్స్ చదువు కోసమే కేంద్రం పెట్టిన సంస్థలు దేశంలో ఏడున్నాయి, ఒకటి 2015 నుంచి మన తిరుపతిలోనే ఉంది, క్యాంపస్ ఏర్పేడు దగ్గర. మేం ఏటా తిరుమల వెళ్ళే రైలు ఏర్పేడు మీదుగానే పోతుంది, ఒక్కసారి కిటికీలోంచి చూసిన పాపాన పోలేదు, ఆ టైమ్‌కి నేను బ్యాగులు లెక్కపెట్టుకుంటూ ఉంటా. భువనేశ్వర్‌లో నైజర్ అని అలాంటిదే ఇంకోటి, ఆ నెస్ట్ పరీక్ష దీనికే. బెంగళూరు ఐఐఎస్సీలో నాలుగేళ్ళ బీఎస్ 2011 నుంచి ఉంది. హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీలో ఐదేళ్ళ ఇంటిగ్రేటెడ్ ఎమ్మెస్సీకి సీయూఈటీ అని సెంట్రల్ యూనివర్సిటీల ఉమ్మడి పరీక్ష రాయాలట. బోర్డు పరీక్షల్లో టాప్ 1 శాతంలో ఉండి సైన్స్ డిగ్రీలో చేరితే ఇన్‌స్పైర్ అనే కేంద్ర పథకం కింద ఏడాదికి 80 వేల స్కాలర్‌షిప్ అట. ఇవన్నీ నాకు చెప్పింది ఎవరనుకున్నావ్, పద్దెనిమిదేళ్ళ నా కూతురు. ఐసర్‌ల పరీక్ష ఐఏటీకీ, నెస్ట్‌కీ నాకు చెప్పకుండా అప్లై చేసేసింది, ఫీజు వాళ్ళమ్మ కట్టింది.

అన్నింట్లోకీ నాకు మింగుడుపడనిది మాత్రం సీఎంఐ, అంటే చెన్నై మ్యాథమెటికల్ ఇన్‌స్టిట్యూట్. మ్యాథ్సూ ఫిజిక్సూ రెండూ కలిపి ఒకే డిగ్రీ, అచ్చం మా పిల్ల అడిగిందే. వాళ్ళ పరీక్షలో ఉండేది లెక్కలే, అందులోనూ కొన్నింటికి ఆన్సర్‌కి టిక్ పెట్టేస్తే కుదరదు, ఎలా వచ్చిందో పూర్తిగా రాయాలి. మొన్న మార్చిలో ఒక రాత్రి ల్యాప్‌టాప్ పట్టుకొచ్చి "నాన్నా, ఇది చూడవా" అంది. నేను చూడలేదు. "దానికి స్కోప్ ఏముందమ్మా, ముందు ఎంసెట్ సంగతి చూడు" అన్నాను. తోడల్లుడు కాదు, గ్యాస్ కుర్రాడు కాదు, నేనే, నా నోటితో. లాస్ట్ డేట్ ఎప్పుడు పోయిందో కూడా తెలీదు నాకు. అది మళ్ళీ ఆ పేరెత్తలేదు, నన్నొక్క మాట అన్లేదు, అదే నాకు నిద్ర పట్టనివ్వట్లేదు. నిన్ను తిడుతున్నాననుకుంటున్నావా?

సర్లే. నిన్న పూర్తిగా వేస్ట్ కాలేదు. వచ్చేసే ముందు ల్యాబ్ చూపించండి అని పిల్ల పట్టుబట్టింది. రెండో అంతస్తు చివర గది, తాళం వెతకడానికే అరగంట. లోపల టేబుల్ మీద ఆసిలోస్కోప్, కరెంటు సిగ్నల్‌ని తెర మీద గీతగా చూపించే మిషను, దాని మీద ప్లాస్టిక్ కవరు, కవరు మీద వేలితో పేరు రాసుకోవచ్చు అంత దుమ్ము. "ఇన్‌స్పెక్షన్ అప్పుడు తీస్తామండి" అన్నాడు అటెండర్, పెద్దాయన, పాపం ఉన్నమాటే చెప్పాడు. "ఒక్కసారి ఆన్ చేస్తారా తాతగారూ" అని మా పిల్ల అడిగేసరికి ఆయనకీ హుషారొచ్చింది, కూలర్ ప్లగ్ పీకి దీనిది పెట్టాడు. కాసేపటికి తెర మీద పచ్చటి గీత. పిల్ల వైరు కొసని వేలితో ముట్టుకుంది, గీత కాస్తా అలలా లేచింది. నాకేదో భయమేసి చెయ్యి తియ్యమన్నాను. "ఏం కాదు నాన్నా, గోడల్లో వైర్ల కరెంటుని నా ఒళ్ళు యాంటెన్నాలా పడుతోంది, చూడు" అని ఒక అల పొడవు గళ్ళు లెక్కపెట్టింది. నాలుగు గళ్ళు, గడికి 5 మిల్లీసెకన్లు, మొత్తం 20, అంటే సెకనుకి 50 సార్లు. "మనింటి మీటర్ మీద 50 హెర్ట్జ్ అని రాసుంటుందే, అదే ఇది" అంది. ఇరవై రెండేళ్ళుగా కరెంటు బిల్లు కడుతున్నాను, ఆ అంకెని ఎవరూ నాకలా చూపించలేదు. అటెండర్ తాతగారు కూడా వేలు పెట్టి చూసుకున్నారు.

టెలిస్కోప్, మైక్రోస్కోప్, స్పెక్ట్రోస్కోప్, నీ పేరు పెట్టుకున్నవాళ్ళంతా ఉండేది ఆ ల్యాబుల్లోనే కదయ్యా, మరి ఆ పక్కకి పోవద్దని మాకెందుకు చెప్తావ్? నాలుగు గంటల్లో నువ్వు నాకు కళ్ళారా కనిపించింది ఆ దుమ్ము గదిలోనే.

పొద్దున్నుంచి కౌన్సెలర్ బాబు మూడుసార్లు ఫోన్ చేశాడు, పదివేలు కట్టి సీటు బ్లాక్ చేసుకోమని. ఎత్తట్లేదు. ఐఏటీ పాత పేపర్లు ప్రింట్ తీయించడానికి జిరాక్స్ షాపుకి పోవాలి. ఆదివారం తోడల్లుడు భోజనానికి వస్తున్నాడు, ఆయన వెంట నువ్వు ఎలాగూ వస్తావు. గుత్తి వంకాయ చేస్తోంది మా ఆవిడ, రా, కడుపునిండా తిను. లోపలి గదిలో మాత్రం పిల్ల చదువుకుంటూ ఉంటుంది, అటు వెళ్ళకు.

ఇట్లు,
ఒక ఎంపీసీ తండ్రి