మత్తయి 18:15లో సీసీ లేదు

సహోదరుడు తప్పు చేస్తే ఏం చేయాలో మత్తయి సువార్త 18వ అధ్యాయం మెట్లు మెట్లుగా చెబుతుంది. మొదట నువ్వొక్కడివే వెళ్లి, అతనొక్కడే ఉన్నప్పుడు చెప్పు. వినకపోతే ఒకరిద్దర్ని వెంటబెట్టుకుని వెళ్లు. అప్పటికీ వినకపోతే సంఘానికి చెప్పు. ఎంతైనా పాతకాలపు పద్ధతి కదా, మన హైటెక్ సిటీ వాళ్లు కాస్త బాగుచేశారు. ముందు మేనేజర్‌ను సీసీలో పెట్టి మెయిల్. ఆ తర్వాత ఇరానీ చాయ్ దగ్గర ఇద్దరు సాక్షులతో విచారణ. మనిషితో విడిగా మాట్లాడటం మాత్రం అతని ఫేర్‌వెల్ రోజున, చేతిలో కేకు ముక్క పెడుతూ.

సీసీ ఉన్న మెయిల్‌లో అవతలివాడు ముందు చదివేది విషయం కాదు, పేర్లు. ఇక అతను రాసే జవాబు మీకు కాదు, మేనేజర్‌కు. ఆరో మెయిల్‌కు అసలు తప్పేమిటో ముగ్గురికీ గుర్తుండదు. క్షమాపణకు ఇంతకంటే దగ్గరి దారి ఏముంది?

విశ్వాసులకు ఇంకా మర్యాదైన సాధనం ఉంది: ప్రార్థన అంశం. తయారీ సులువు. ‘సిస్టర్, మనసులో చాలా భారంగా ఉంది’ అని మొదలుపెట్టాలి. పేరు చెప్పకూడదు, ఏ ఫ్లోరు, ఏ టీము, ఏ రంగు యాక్టివా అన్నవి చాలు. చివర ‘మనలో మనమాట, ప్రార్థనలో పెట్టండి’ అని మూత వేయాలి. లంచ్‌లో దించిన భారాన్ని నాలుగింటి టీకల్లా ఫ్లోరంతా మోస్తుంటుంది. ఒకరి భారాలు ఒకరు భరించాలన్న గలతీ పత్రిక ఇంత చురుగ్గా మరెక్కడా అమలు కాదేమో.

క్షమాపణ లెక్క దగ్గర కొంత గందరగోళం ఉంది. ఎన్నిసార్లు క్షమించాలి, ఏడుసార్లా అని శిష్యుడు పేతురు అడిగితే యేసు ఇచ్చిన జవాబు పాత తెలుగు బైబిల్లో ‘డెబ్బది ఏళ్ల మారులు’. ఇక్కడ ఏళ్లంటే సంవత్సరాలు కాదు, ఏడులు. వెరసి 490. డెబ్బై సంవత్సరాలనుకుని బెంబేలెత్తినవాళ్లు ఊపిరి పీల్చుకోవచ్చు. నెలకు 22 పనిదినాలు, రోజుకొక తప్పు చొప్పున ఈ కోటా 22 నెలల పైచిలుకులో తీరిపోతుంది. ఈలోపు తప్పు చేసినాయనో మీరో కంపెనీ మారనే మారతారు. లెక్కపెట్టొద్దని చెప్పడానికే ఆ అంకె అని పాస్టర్లు అంటారు. పాస్టర్లకు టైమ్‌షీట్లు ఉండవు మరి.

మత్తయి 5:23-24 కొంచెం ఇబ్బందే. అర్పణ పెట్టబోతుండగా సహోదరుడికి నీ మీద ఏదో ఉందని గుర్తొస్తే, అది అక్కడే వదిలి, ముందు వెళ్లి సమాధానపడి రమ్మంటుంది. చూసుకోండి: అతని మీద నీకున్నది కాదు, నీ మీద అతనికున్నది. కానుక సంచి వరుస వెంబడి వచ్చేలోపు ఒకటి రెండు ముఖాలు గుర్తొచ్చేవి. ఇప్పుడు క్యూఆర్ కోడ్ ఆ బెడద తీర్చింది. స్కాన్ చేసి పిన్ కొట్టేలోపు ఎవరు గుర్తొస్తారు?

కూలివాని కూలి తెల్లవారేదాకా నీ దగ్గర ఉంచుకోవద్దని లేవీయకాండం 19:13. కానీ మన ఫ్లోరు ఊడ్చే అక్క కాంట్రాక్టరు మనిషి, కాంట్రాక్టరు బిల్లుకు మన గడువు 60 రోజులు. ఆమె జీతం బిల్లు దగ్గర ఆగుతుంది, బిల్లు అకౌంట్స్‌లో ఆగుతుంది, అకౌంట్స్ వాళ్లు పర్చేజ్ ఆర్డర్ నంబరు తప్పు పడిందని ఆగుతారు. ఆ నంబరు సరిచూసి పంపడానికి 10 నిమిషాలు. అదే 10 నిమిషాల్లో ‘అక్కా, బాగున్నావా, దేవుడే చూసుకుంటాడులే’ అని ఎంత ఆప్యాయంగా పలకరించవచ్చు! అయినా కొందరు మొండిగా నంబరే సరిచూస్తారు. వాళ్లలో ప్రేమ తక్కువ.

అన్నట్టు, నాలుగో మెట్టు మరిచాం. సంఘం మాట కూడా వినకపోతే అతణ్ని అన్యుడిగా, సుంకరిగా (అంటే పన్నులు వసూలు చేసేవాడిగా) ఎంచుకొమ్మని 18:17. ఇదొక్కటే తు.చ. తప్పకుండా అమలవుతోంది, క్యాంటీన్‌లో అతని ఎదుటి కుర్చీ ఎప్పుడూ ఖాళీ. చిక్కేమిటంటే, మత్తయి కూడా సుంకరే. సుంకపు మెట్టు దగ్గర కూర్చున్న అతణ్ని యేసు పిలిచాడనీ, వెంటనే సుంకరులతో కలిసి భోజనానికి కూర్చున్నాడనీ అదే సువార్త 9వ అధ్యాయంలో ఉంది. కాబట్టి ఆ ఖాళీ కుర్చీ విషయంలో, హెచ్‌ఆర్‌ను సీసీలో పెట్టి, స్పష్టత కోరడం మంచిది.