చి.ల.సౌ. రెండు లీటర్ల సీసాకు

ఆశీర్వదించి రాయునది. ఉభయకుశలోపరి.

మొదట ‘గంగాభాగీరథీ సమానురాలైన’ అని మొదలుపెట్టాను. కడుపు నిండా నీళ్లేగా, సరిపోతుందనుకున్నా. పాత ఉత్తరాల్లో ఆ మాట భర్త పోయినవాళ్లకి రాసేవాళ్లని గుర్తొచ్చి కొట్టేశాను. నీ మూత పదికాలాలు చల్లగా ఉండాలి. ఇక చిరంజీవి అన్నది దీవెనేం కాదు. ప్లాస్టిక్ పుట్టుక పుట్టావు, నేను పోయినా నువ్వు పోవు.

మా అమ్మాయి బెంగళూరు నుంచి ఆన్‌లైన్లో నిన్ను పంపి ఇరవై రోజులైంది. “రోజూ రెండు లీటర్లు తాగమ్మా, ఒళ్లు దానంతటదే తగ్గుతుంది” అంది. నీ ఒంటినిండా గీతలు. గీతకో గంట, గంటకో ఇంగ్లిష్ పొగడ్త. తొమ్మిదికి శుభోదయం, పదకొండుకి ‘భేష్, ఆపకు’, ఒంటిగంటకి ‘సగం అయిపోయిందిగా’. ఇరవై ఆరేళ్లుగా హైస్కూల్లో లెక్కలు చెబుతున్నాను, ఏ హెడ్మాస్టరూ నన్ను ఒక్కసారి భేష్ అన్న పాపాన పోలేదు. అందుకే, చెప్పొద్దూ, మొదటి రెండు రోజులూ నీకు పడిపోయాను.

మూడో రోజు. టెన్త్ బి సెక్షన్, త్రికోణమితి. ‘భేష్’ గీత దాటేసి ఉన్నాను. బోర్డు మీద గుడి గోపురం, దాని నీడ, కోణం 60 డిగ్రీలు, ఎత్తెంత? పిల్లలు లెక్క చేస్తున్నారు, నేను ఈ కాలి మీంచి ఆ కాలి మీదకి మారుతున్నాను. మా బడిలో ఆడ టీచర్లు పదకొండుమందికీ ఒకటే మరుగుదొడ్డి. దానికి తాళం. తాళంచెవి అటెండరు జేబులో. అటెండరు బ్యాంకుకి వెళ్లాడు. ఆ గోపురం ఎత్తు ఎంతొచ్చిందో ఈరోజుకీ నాకు తెలీదు.

ఒంటిగంటకి గీత గీశావు సరే, ఒంటికెళ్లే గంట ఏదే?

మేం నీళ్లు తక్కువ తాగేది బద్ధకంతో అనుకుంటున్నావేమో. కాదమ్మా, లెక్కతో. రాత్రి బస్సుకి హైదరాబాదు వెళ్లాలంటే సాయంత్రం ఆరు నుంచే గుక్క ముట్టం. టెన్త్ ఆడపిల్లల సీసాలు చూడు, పొద్దున నిండుగా వస్తాయి, సాయంత్రం నిండుగానే ఇంటికెళతాయి. 2019లో కేరళలో మొదలైన వాటర్ బెల్ మా ఆంధ్రా బడులకూ వచ్చింది. గంట కొడితే అందరూ తాగాలి. “రెండో గంట ఎప్పుడు కొడతారు టీచర్?” అని ఒక పిల్ల అడిగింది. దాన్ని కసిరాను గానీ, అడగాల్సిందే అడిగింది.

ఇంతకీ ఈ రెండు లీటర్లు నీకు ఎవరు చెప్పారు? 1945లో అమెరికాలో ఆహార పోషణ మండలి ఒకటి, పెద్దవాళ్లకి రోజుకు రెండున్నర లీటర్ల నీరు కావాలంది. ఆ వెంటనే, అందులో చాలా భాగం తినే తిండిలోనే ఉంటుందనీ రాసింది. జనం మొదటి ముక్క పట్టుకుని రెండోది వదిలేశారు. ప్రశ్న సగం చదివి లెక్క మొదలెట్టేవాళ్లు మా బడిలోనే ఉన్నారనుకున్నా. 2002లో హైన్జ్ వాల్టిన్ అనే ఆయన, జీవితమంతా కిడ్నీలే చదివినవాడు, ఈ ఎనిమిది గ్లాసుల, అంటే దాదాపు రెండు లీటర్ల, మాటకి ఆధారం కోసం వెతికి వెతికి ఏమీ దొరకలేదన్నాడు. మన మే నెల ఎండల్ని ఆయన లెక్కలోకి తీసుకోలేదు, అది వేరే సంగతి. కానీ నేను తినే అన్నంలో మూడింట రెండు వంతులు నీళ్లే. ఆపైన చారు, దోసకాయ పప్పు, గ్లాసెడు మజ్జిగ. ఇవేవీ నీ గీతలకి ఎక్కవు. మా అత్తగారి మరచెంబుకి అసలు గీతలే లేవు, దాహమేస్తే మర తిప్పేది.

ఒళ్లు తగ్గడం దగ్గరకొద్దాం. 22 డిగ్రీల కుండనీళ్లు రెండు లీటర్లు తాగితే, వాటిని ఒంటి వేడికి, అంటే 37కి తేవడానికి పట్టేది 30 కేలరీలు. నేనే వేశా లెక్క. ఒక్క ఇడ్లీ కూడా కరగదు. అన్నానికి ముందు అరలీటరు తాగితే పన్నెండు వారాల్లో అలా తాగనివాళ్లకంటే రెండు కిలోలు ఎక్కువ తగ్గారని 2010లో అమెరికాలో ఒక పరిశోధన వచ్చింది, నిజమే. వాళ్లు తిండి కూడా కొలుచుకుని తిన్నారు. ఆ సంగతి నీ డబ్బా మీద లేదు. నాకు మాత్రం నీవల్ల ఒక్కటి కలిసొచ్చింది. మూడింటికి తాగే రెండు చెంచాల చక్కెర టీ మానేసి, ఆ వేళకి నిన్ను ఎత్తుతున్నాను.

ఇంకో పనీ చేశాను. మొన్న శనివారం అటెండర్ని బతిమాలి, ఆ తాళానికి మారు తాళంచెవి చేయించాను. అరవై రూపాయలు, నా డబ్బే. పురికొసతో నీ పిడికి కట్టాను. అప్పటినుంచి స్టాఫ్‌రూములో నీకున్న గిరాకీ ఏం చెప్పను! నిన్న సైన్సు టీచరు నిన్ను చంకనెట్టుకుని వరండా చివరికి పరిగెత్తింది. నీలో చుక్క నీళ్లు లేవు.

ఇట్లు,
నీ ఒంటిగంట గీత ఎప్పుడూ దాటని
లెక్కల టీచరు

తా.క.: అమ్మాయి ఫోన్ చేసి, “సీసా వాడుతున్నావా అమ్మా?” అంది. పదకొండుమందిమి వాడుతున్నాం అన్నాను.