దయచేసి కేకు కోయకండి

ఇంట్లో కేకులు చేసే మా బోటివాళ్ళకి అసలు శత్రువెవరో మొహమాటానికి పోయి ఇన్నాళ్ళూ ఎవరూ బయటపెట్టలేదు. ఓవెన్ అన్నారు, ఎండాకాలం అన్నారు, పాతబడిపోయిన బేకింగ్ పౌడర్ అన్నారు. పాపం అవన్నీ నోరు లేనివి కాబట్టి నిందలు మోశాయి. ఈ వ్యవహారం మొత్తంలో నోరున్నది ఒక్కళ్ళకే. తినేవాళ్ళకి.

నాలుగేళ్ళుగా కేకులు చేస్తున్నాను. సరదాకే. ఆ మాట నొక్కి చెప్పడం ఎందుకంటే, మా వంటింటి అలమరాలో ఉన్న, క్రీముతో పూలు వేసే 62 నాజిళ్ళూ, గుండ్రంగా తిరిగే బల్లా, మూడు సైజుల పాలెట్ నైఫులూ, గ్రాములో పదోవంతు కూడా చూపించే తూకం మిషనూ చూసినవాళ్ళు ఇంకేదో అనుకుంటున్నారు. మొన్న గిన్నెలు సర్దుకోవడానికి చోటు లేక మా ఆవిడ అడిగింది: "ఏవండీ, సరదాకే ఇంత సామానైతే, నిజంగా తలుచుకుంటే ఎంతవుతుందండీ?" మంచి ప్రశ్నే. జవాబు ఆలోచిస్తున్నాను.

ఈ నాలుగేళ్ళ అనుభవం మీద నేను తేల్చుకున్నదేమిటంటే, తినడం వల్ల కేకుకి జరిగినంత అన్యాయం మరి దేనివల్లా జరగలేదు. శుక్రవారం రాత్రి మొదలుపెట్టినది ఆదివారం సాయంత్రానికి గానీ పూర్తవదు. అది బల్ల మీదికి వచ్చీ రాగానే, ఫొటో కూడా సరిగ్గా తియ్యనివ్వకుండా, "కొయ్యండి కొయ్యండి, ఆలస్యమైపోతోంది" అని ఎవరో ఒకరు మొదలుపెడతారు. దేనికి ఆలస్యం? రెండు రోజులుగా ఆ పనిలో ఉన్నవాడికి లేని తొందర, ఐదు నిమిషాల క్రితం చెప్పులు విడిచి లోపలికొచ్చినవాళ్ళకి ఎందుకో నాకు అర్థం కాదు.

వాళ్ళు మింగుతున్నది ఏమిటో వాళ్ళకి తెలుసా అసలు? వెన్న సంగతే తీసుకోండి. "గది ఉష్ణోగ్రతలో ఉన్న వెన్న" అని రాసేసి వంటల పుస్తకాలు చేతులు దులుపుకుంటాయి. ఎవరి గది? ఏ నెలలో? వాళ్ళు చెప్పని అంకె నేను చెబుతాను: 18 నుంచి 21 డిగ్రీలు. వేలితో నొక్కితే గుంట పడాలి గానీ వేలు దిగబడిపోకూడదు. అలాంటి వెన్నలో పంచదార వేసి గిలక్కొడుతుంటే, పలుకుల అంచులు వెన్నని గీరుకుంటూ పోయి గాలిని లోపలికి ఇరికిస్తాయి. ఇలా చేసే కేకులో బుడగలు అప్పుడు పుట్టినవే. తర్వాత వేసే బేకింగ్ పౌడర్ ఉన్న బుడగల్ని ఊది పెద్దవి చేస్తుంది తప్ప కొత్తవాటిని పుట్టించదు. అంటే కేకు తలరాత ఓవెన్ మొహం చూడకముందే, ఆ ఐదారు నిమిషాల్లోనే రాసేసి ఉంటుంది. ఇంత కథ నడిచాక మా బావమరిది ఒక ముక్క నోట్లో వేసుకుని "మెత్తగా ఉంది బావా" అంటాడు. మెత్తగా ఉందట. మా ఇంట్లో దిండు గురించి కూడా అతను అదే మాట అన్నాడు.

ఓవెన్ గురించి ఎక్కువ చెప్పను. దానికీ నాకూ మాటల్లేవు. మర మీద 180 అని ఉంటుంది, లోపల పెట్టిన థర్మామీటర్ 160 అంటుంది. ఇద్దరిలో ఒకరు అబద్ధమాడుతున్నారు, ఎవరో నాకు తెలుసు. అది చాలదన్నట్టు టిన్నుకి ఆనుకున్న అంచులు ముందే గట్టిపడిపోతాయి, నడుమ ఉన్న పిండి ఇంకా పొంగుతూనే ఉంటుంది. దాంతో కేకు బోర్లించిన గిన్నెలా పైకి ఉబ్బి బయటికొస్తుంది. అలాంటిదాని మీద ఇంకో అంతస్తు నిలబడదు కదా. అందుకని పళ్ళున్న పొడవాటి కత్తి పెట్టి, ఆ గుమ్మటాన్ని అడ్డంగా కోసి పక్కన పడేయాలి. పక్కన పడేసిన ఆ ముక్కల విషయంలో మా ఇంట్లోవాళ్ళు నా మీద ఒక ఆరోపణ చేస్తున్నారు. దాని దగ్గరికి తర్వాత వస్తాను.

ఇక క్రీము. వెన్నలో ఐసింగ్ షుగర్ పోసి కొట్టేస్తే అమెరికన్ బటర్‌క్రీం అయిపోతుంది. కష్టాలు ఉన్నవాళ్ళు అది చేసుకుంటారు. నా జీవితంలో కష్టాలు తక్కువ కాబట్టి నేను స్విస్ పద్ధతి పట్టుకున్నాను. గుడ్ల తెల్లసొనా పంచదారా కలిపి, మరిగే నీళ్ళ ఆవిరి మీద గిన్నె పెట్టి, 71 డిగ్రీలు వచ్చేదాకా కలుపుతూనే ఉండి, దించి, గిన్నె అడుగు చల్లబడేదాకా మిక్సర్‌తో కొట్టి, అప్పుడు వెన్న ముక్కముక్కగా వెయ్యాలి. సరిగ్గా వెన్న సగం పడ్డాక అది విరిగిపోతుంది. నీళ్ళు వేరు, పలుకులు వేరు.

ఒకసారి రాత్రి 11:40కి ఇలాగే విరిగింది. మా అబ్బాయి మంచినీళ్ళ కోసం వచ్చాడు. గిన్నెలోకి తొంగి చూశాడు, నా మొహం చూశాడు, నీళ్ళు తాగకుండానే వెళ్ళిపోయాడు. ఆ సమయంలో చెయ్యాల్సింది ఏమీ ఉండదు. మిక్సర్ ఆపకుండా ఉండటమే. రెండు నిమిషాలు. మూడు. నాలుగు. ఉన్నట్టుండి మిక్సర్ గొంతు మారింది. అప్పటిదాకా చిందులేస్తూ తపతపలాడుతున్నది కాస్తా బరువుగా మూలగడం మొదలుపెట్టింది. చూస్తే గిన్నె నిండా పట్టులాంటి క్రీము. పోయిన ప్రాణం తిరిగి రావడం కళ్ళారా చూసినవాణ్ణి నేను. ఆ క్రీమునే మర్నాడు మా బావమరిది చెంచాతో శుభ్రంగా గీకి, పళ్ళెం అంచున పోగుపెట్టి, "ఇది లేకపోతే ఇంకా బాగుండేది బావా" అన్నాడు.

ఆ పోగులో ఒక గులాబీ కూడా ఉంది. గులాబీ వెయ్యాలంటే నాజిల్ వెడల్పు వైపు కిందకీ సన్న వైపు పైకీ పట్టుకోవాలి. ముందు మధ్యలో మొగ్గ, చుట్టూ మూడు రేకులు, తర్వాత ఐదు, ఆపైన ఏడు. కుడిచేత్తో సంచి నొక్కుతూ, ఎడమచేత్తో పువ్వు కూర్చునే వెడల్పు తల మేకు తిప్పుతూ, ఊపిరి బిగబట్టి వెయ్యాలి. అరచేతి వేడికి సంచిలో క్రీము కరగడం మొదలవుతుంది కాబట్టి తొందరగా కూడా వెయ్యాలి. నా మొదటి గులాబీ క్యాబేజీలా వచ్చింది. యాభయ్యోది కూడా క్యాబేజీలాగే వచ్చింది గానీ, అది మంచి క్యాబేజీ.

ఫాండెంట్ మీద మాత్రం నాకు ప్రత్యేకమైన గౌరవం ఉంది. పంచదార ముద్దని చపాతీలా ఒత్తి కేకు మీద దుప్పటిలా కప్పుతారే, అది. చాలామంది దాన్ని తినరు. పైనుంచి తొక్కలా ఒలిచి పక్కన పెట్టేస్తారు. కేకు లోకంలో ఆత్మగౌరవం నిలబెట్టుకున్నది అదొక్కటే.

పొగడ్తల సంగతి చెప్పకపోతే అన్యాయమవుతుంది. ఇంట్లో కేకు చేసేవాడికి లోకం ఇచ్చే అతి పెద్ద బిరుదు, "అచ్చం కొన్నదానిలా ఉంది". ఇదే మనుషులు కొట్లో కేకు కొని తెచ్చుకున్నప్పుడు దాన్ని ఏమని మెచ్చుకుంటారో గమనించండి. "అచ్చం ఇంట్లో చేసినదానిలా ఉంది."

ఈ దుస్థితికి మూలం చరిత్రలోనే ఉంది. 1843లో బర్మింగ్‌హామ్‌లో ఆల్ఫ్రెడ్ బర్డ్ అనే మందుల తయారీదారు తన భార్యకి ఈస్టు పడదని, ఆవిడ తినగలిగేలా ఉండాలని బేకింగ్ పౌడర్ తయారుచేశాడు. ఉద్దేశం మంచిదే. కానీ తినేవాళ్ళని దృష్టిలో పెట్టుకుని పని మొదలుపెట్టడం అనే జబ్బుకి ఇదొక పాత ఉదాహరణ. దీనికి విరుగుడు లాంటి మనిషి హ్యారీ బేకర్. లాస్ ఏంజెలిస్‌లో ఇన్సూరెన్స్ అమ్ముకునే ఈ పెద్దమనిషి 1927లో షిఫాన్ కేకు కనిపెట్టి, ఎలా చేశాడో ఇరవై ఏళ్ళపాటు ఎవరికీ చెప్పలేదు. చివరికి 1947లో జనరల్ మిల్స్ కంపెనీకి అమ్మాడు. రహస్యం ఏమిటయ్యా అంటే వెన్నకి బదులు వంటనూనె. ఇంటింటా ఉండే నూనెని ఇరవై ఏళ్ళు దాచాడంటే అది మామూలు నిగ్రహం కాదు. నేను ఇరవై నిమిషాలు దాచలేకపోయాను. మా పిన్ని అడగ్గానే రెసిపీ రాసిచ్చేశాను. ఆవిడ పంచదార సగం చేసి, గుడ్లు ఒకటి తగ్గించి, 8 అంగుళాల టిన్నులో పొయ్యాల్సింది 6 అంగుళాల దాంట్లో పోసింది. ఆ రెండు టిన్నుల వైశాల్యాలు 64కీ 36కీ ఉన్నంత తేడా అని ఆవిడకి ఎవరు చెబుతారు? పిండి పొంగి ఓవెన్ అడుగున మాడి బొగ్గయింది. "నీ రెసిపీలో ఏదో తేడా ఉందిరా" అని ఫోను చేసింది.

చరిత్రలో నిలిచిన కేకులేవో ఒకసారి చూడండి, నా వాదన బలం తెలుస్తుంది. 1840లో విక్టోరియా రాణి పెళ్ళికి దాదాపు 300 పౌండ్ల కేకు చేశారు. తిన్నవాళ్ళూ లేరు, తిన్న కేకూ లేదు. ఎవరో తినకుండా దాచిన కొన్ని ముక్కలు మాత్రం ఇప్పటికీ ఉన్నాయి. అమెరికాలోని మిషిగన్ రాష్ట్రంలో ఒక ఇల్లాలు 1878లో ఫ్రూట్ కేకు చేసి, ఏడాది మాగాక తిందామని పక్కన పెట్టింది. ఏడాది తిరక్కముందే ఆవిడ కన్నుమూసింది. అప్పట్లో దాని మీద చెయ్యి వెయ్యడానికి ఇంట్లో ఎవరికీ మనసొప్పలేదు. తరతరాలుగా ఆ కుటుంబం దాన్ని గాజుపాత్రలో కాపాడుకుంటూ వచ్చింది. 2017లో అంటార్కిటికాలోని కేప్ అడేర్ దగ్గర ఒక పాత గుడిసెలో వందేళ్ళు దాటిన ఫ్రూట్ కేకు దొరికింది. తగరపు డబ్బా తుప్పు పట్టింది గానీ లోపల కేకు చెక్కుచెదరలేదు. కారణం సుస్పష్టం. చుట్టుపక్కల మా బావమరిది లేడు.

పుట్టినరోజు కొవ్వొత్తుల గురించి కూడా ఒక మాట. 2017లోనే క్లెమ్సన్ యూనివర్సిటీ పరిశోధకులు కొవ్వొత్తులు ఊదిన క్రీమునీ ఊదనిదాన్నీ పోల్చి చూశారు. ఊదినదాని మీద బ్యాక్టీరియా సగటున 1400 శాతం ఎక్కువ ఉంది. మామూలుగా ఆరోగ్యవంతులకి దానివల్ల వచ్చే ప్రమాదం పెద్దగా ఏమీ లేదంటారు, నేనూ ఒప్పుకుంటాను. నన్ను ఆకట్టుకున్నది వేరే సంగతి. ఆ ప్రయోగంలో కేకు లేదు. థర్మోకోల్ దిమ్మ మీద రేకు చుట్టి, దాని మీద క్రీము పూసి, ఊదించారు. చూశారా, శాస్త్రానికి కూడా కేకుతో పని పడలేదు.

ఆ స్ఫూర్తితో నేనూ ఒకటి చేశాను. థర్మోకోల్ ఉబ్బదు, కుంగదు, పొడి రాల్చదు. క్రీము గీత గీసినట్టు నిలబడింది. నా జీవితంలో చేసిన అత్యుత్తమమైన కేకు అదే. చెయ్యి కడుక్కుని వచ్చేలోపల మా బావమరిది కత్తి పట్టుకుని దాని ముందు నిలబడి ఉన్నాడు. ఒకసారి నొక్కాడు. ఇంకోసారి నొక్కాడు. తర్వాత కత్తి మెల్లగా పక్కన పెట్టి, నొచ్చుకుంటానేమోనని గొంతు తగ్గించి, "ఈసారి కాస్త గట్టిగా వచ్చినట్టుంది బావా" అన్నాడు. అనుమానం మాత్రం రాలేదు. నన్ను ఎక్కువ బాధపెట్టింది అదే.

దాంతో పోయిన నెల నా పుట్టినరోజుకి గట్టి నిర్ణయం తీసుకున్నాను. మూడంతస్తుల చాక్లెట్ కేకు, తొమ్మిది గులాబీలు. ఫ్రిజ్ తలుపు మీద కాగితం అంటించాను: "చూడవచ్చు. కోయరాదు." అందరూ వచ్చారు, పాట పాడారు, ఫొటోలు తీసుకున్నారు. మా బావమరిది చేతులు వెనక్కి కట్టుకుని, మ్యూజియంలో విగ్రహం చుట్టూ తిరిగినట్టు తిరిగాడు. ఎవరూ కత్తి అడగలేదు. కేకు మళ్ళీ ఫ్రిజ్‌లోకి వెళ్ళింది. నేను గెలిచాను.

మూడోరోజు తలుపు తీసి చూశాను. తొమ్మిది గులాబీలూ ఉన్నాయి. అంచున సన్నగా ఒక బీట వచ్చింది. పై అరలో, కోసి పక్కన పడేసిన గుమ్మటాలు దాచిన స్టీలు డబ్బా ఉంది కదా, అది ఖాళీ. ఇక్కడ ఆ ఆరోపణ గురించి చెప్పాలి. రాత్రిళ్ళు నేను దీపం వెయ్యకుండా, వంటింటి గట్టుకి ఆనుకుని నిలబడి, క్రీము లేని ఆ ముక్కలు ఒక్కణ్ణే తింటానని వీళ్ళంటారు. అది నాణ్యత పరీక్ష అని ఎన్నిసార్లు చెప్పినా వినరు. ఈసారి పరీక్ష నేను ఇంకా మొదలుపెట్టనే లేదు.

"ఇవెవరు తిన్నారు?" అన్నాను.

"అది కేకు కాదు కదండీ," అంది మా ఆవిడ. "మీరే పక్కన పడేశారు."

"అదే బాగుంది నాన్నా," అన్నాడు మా అబ్బాయి.

నేనేమీ మాట్లాడలేదు. పళ్ళున్న కత్తి తీసుకొచ్చి, కాగితం చింపేసి, కేకు బయటికి తీసి, నా చేత్తో నేనే కోశాను. ఒక్కో పళ్ళెంలో ఒక్కో గులాబీ వచ్చేలా సర్ది, ముందుగా మా బావమరిది చేతికే ఇచ్చాను.

అతను పళ్ళేన్ని అటూ ఇటూ తిప్పి చాలాసేపు చూశాడు.

"చాలా బాగుంది బావా," అన్నాడు, జాగ్రత్తగా బల్ల మీద పెట్టేస్తూ.