పేరు వీధిలో, రికార్డు స్టేషన్‌లో

ఒడిశాలోని కోరాపుట్, మల్కన్‌గిరి వైపు గంజాయి బండి పట్టుబడితే సాయంత్రానికల్లా ఆ ఫోటో సాలూరు వాట్సాప్ గ్రూపుల్లోకి వచ్చేస్తుంది. ముందు మూటలు, వెనక వరుసగా నిలబెట్టిన మనుషులు, అటూ ఇటూ పోలీసులు. ముఖాలకు ముసుగులున్నా కింద పేరు, తండ్రి పేరు, ఊరు రాసేస్తారు కాబట్టి ముసుగు ఎవరి కోసమో అర్థం కాదు. అదే కేసులో కిరాయికి బండి నడిపిన కుర్రాడిని ఏ స్టేషన్‌లో ఉంచారు, ఏ సెక్షన్లు పెట్టారు, అరెస్టు ఎన్ని గంటలకు చూపించారు అన్నది ఇంట్లోవాళ్లకు తెలియాలంటే మాత్రం వకీలును పట్టుకోవాలి.

పోలీసులు చేసిన పని ప్రజలందరిదీ. పట్టుబడ్డవాడి చిరునామా, ఫిర్యాదు చేసినామె ఫోన్ నంబరు వాళ్ల సొంతం. గోప్యత మీద చర్చ ఇక్కడ మొదలవ్వాలని నా అభిప్రాయం. సరిహద్దు జిల్లాల్లో జరుగుతున్నది సరిగ్గా దీనికి తలకిందులు.

చట్టం లేక కాదు. ఎఫ్ఐఆర్‌ను 24 గంటల్లో వెబ్‌సైట్‌లో పెట్టాలని 2016 సెప్టెంబరు 7న సుప్రీంకోర్టు ఆదేశించింది. ఆ ధర్మాసనానికి నేతృత్వం వహించిన జస్టిస్ దీపక్ మిశ్రా ఒడిశా మనిషే. నెట్ సరిగా అందని చోట్ల 72 గంటల దాకా గడువిచ్చారు. లైంగిక నేరాలు, పోక్సో (పిల్లలపై లైంగిక నేరాల) కేసులు, ఉగ్రవాదం, మావోయిస్టుల లాంటివాళ్ల తిరుగుబాటు కేసులను మినహాయించారు. పెట్టకూడదన్న నిర్ణయం డీఎస్పీకి తగ్గని అధికారి తీసుకోవాలన్నారు.

చిక్కంతా ఆ మినహాయింపుతోనే. ఢిల్లీలో కూర్చుని చూస్తే తిరుగుబాటు కేసు అరుదైన సంగతి. మల్కన్‌గిరిలోనో, మహారాష్ట్ర వైపు సిరొంచలోనో అది ఏళ్ల తరబడి మామూలు మాట. మనిషిని ఎందుకు తీసుకెళ్లారో కుటుంబానికి అత్యవసరంగా తెలియాల్సిన కేసులే ఆ మినహాయింపు కిందికి పోతాయి. అలాంటప్పుడు ఎస్పీకి దరఖాస్తు చేస్తే ముగ్గురు అధికారుల కమిటీ మూడు రోజుల్లో తేల్చాలని అదే తీర్పులో ఉంది. ఈ సంగతి తెలిసిన కుటుంబం ఈ కొండల్లో ఎక్కడుంటుంది?

అలాగని అన్నీ తెరిచి పెట్టమనడం కూడా ఇక్కడి బతుకు తెలియని మాటే. ఇన్ఫార్మర్ అన్న అనుమానం మీదే మావోయిస్టులు మనుషుల్ని చంపిన ప్రాంతం ఇది. నలభై గడపల ఊళ్లో సాక్షి పేరు బయటపడితే చిరునామా వేరే చెప్పనక్కర్లేదు. సాక్షుల పేర్లుండే ఛార్జిషీటు పబ్లిక్ డాక్యుమెంటు కాదని, వెబ్‌సైట్లో పెట్టనక్కర్లేదని 2023 జనవరిలో సుప్రీంకోర్టు చెప్పినప్పుడు పారదర్శకత కోరేవాళ్లు చాలామంది నొచ్చుకున్నారు. ఆ ఒక్క విషయంలో నేను కోర్టు వైపే.

నిందితుడి పేరు దగ్గరికొస్తే సంగతి ఇంత తేలిక కాదు. పేరు పూర్తిగా దాస్తే మనిషినే దాచేసే వీలుంటుంది. అందుకే అరెస్టయినవారి పేరు, చిరునామా, ఆరోపణ ప్రతి స్టేషన్‌లోనూ, జిల్లా కేంద్రంలోనూ అందరికీ కనిపించేలా ప్రదర్శించాలని పాత క్రిమినల్ ప్రొసీజర్ కోడ్ స్థానంలో వచ్చిన నాగరిక్ సురక్షా సంహిత 37వ సెక్షన్ చెబుతోంది. ఆ రక్షణ వదులుకోలేం. కానీ స్టేషన్ బోర్డు మీద పేరును వెతుక్కుంటూ వచ్చినవాడు చదువుతాడు, కొన్నాళ్లకు చెరిపేస్తారు. డిజిటల్ రూపంలోనూ ప్రదర్శించవచ్చని అదే సెక్షన్ అంటోంది; ఆ పేరు నెట్‌లోకి ఎక్కితే చెరిపేవాడుండడు. అయిదేళ్ల తర్వాత విశాఖలో డ్రైవరు ఉద్యోగానికి వెళ్లినప్పుడు యజమాని ఫోన్లో అదే పైకి తేలుతుంది.

పైగా వెబ్‌సైట్లో ఎఫ్ఐఆర్ పెట్టమన్న తీర్పు, కేసు కొట్టేశాక ఆ సంగతి కూడా అక్కడే రాయాలని చెప్పలేదు. నాకు అన్నిటికంటే పెద్ద లోటు ఇదే అనిపిస్తుంది. 2022 నాటి క్రిమినల్ ప్రొసీజర్ (గుర్తింపు) చట్టం వేలిముద్రల్లాంటి కొలతలను 75 ఏళ్లు దాచుకోనిస్తూనే, పాత శిక్షలేవీ లేని మనిషి నిర్దోషిగా బయటపడితే, కోర్టు వేరేలా చెప్పకపోతే, వాటిని చెరిపెయ్యాలంది. పోలీసు బీరువాలో వేలిముద్రకున్న ఆ పాటి మర్యాద, జనం చేతిలో తిరిగే పీడీఎఫ్‌లోని పేరుకు లేదు. మరచిపోబడే హక్కు, అంటే తన గురించిన పాత సమాచారాన్ని నెట్‌లోంచి తీయించుకునే హక్కు గురించి ఒడిశా హైకోర్టు 2020 నవంబరులోనే గట్టిగా మాట్లాడింది. అది ఒక మహిళ వీడియోలు ఫేస్‌బుక్‌లో పెట్టిన కేసు. నిర్దోషిగా తేలిన మనిషి గురించి కూడా అంతే గట్టిగా ఎవరో ఒకరు మాట్లాడాలి.

ఈలోగా గోప్యత అన్న గొడుగు అధికారులకు దొరికింది. డేటా రక్షణ చట్టం తెచ్చిన సవరణ 2025 నవంబరులో అమల్లోకి వచ్చాక, సమాచార హక్కు చట్టంలోని 8(1)(జె) కింద ‘వ్యక్తిగత సమాచారం’ అన్న ఒక్క మాటతో దరఖాస్తును తిప్పి పంపొచ్చు. ప్రజా ప్రయోజనం ఉంటే ఇవ్వాలన్న షరతును, అసెంబ్లీకి నిరాకరించలేనిది పౌరుడికీ నిరాకరించరాదన్న వాక్యాన్ని ఆ క్లాజులోంచి తీసేశారు. ప్రజా ప్రయోజనం ఎక్కువైతే సమాచారం ఇవ్వొచ్చన్న 8(2) ఇంకా మిగిలే ఉంది, నిజమే. దాన్ని పట్టుకుని అప్పీలు మీద అప్పీలు వేసే ఓపిక ఎంతమందికుంటుంది? రేపు ఎవరైనా ఫలానా రాత్రి డ్యూటీలో ఉన్నదెవరని అడిగితే, అది కూడా వ్యక్తిగతమేనన్న జవాబు వచ్చినా ఆశ్చర్యపోను.

భాష సంగతి చెప్పకపోతే ఇది మన ప్రాంతం గురించి రాసినట్టే కాదు. రాయగడ, గునుపూర్, పర్లాకిమిడి, బరంపురంలో ఒడియా ధారాళంగా మాట్లాడి, లిపి చదవలేని తెలుగువాళ్లకు కొదవలేదు. కేసులో ఇరుక్కుని పార్వతీపురం నుంచి పరుగెత్తుకొచ్చినవాళ్లకు ఆ మాట కూడా రాదు. రాజ్యాంగం 350వ అధికరణ ప్రకారం అర్జీ తెలుగులో ఇచ్చుకోవచ్చు. జవాబు తెలుగులో రావాలన్న హక్కు అందులో లేదు. సమాచార హక్కు దరఖాస్తయితే ఇంగ్లీషులోనో, హిందీలోనో, అక్కడి అధికార భాషలోనో ఉండాలి.

ఫిర్యాదుదారు ఫోనూ చిరునామా మూసేసి ఎఫ్ఐఆర్ పెట్టడానికి, కేసు తేలాక ఫలితాన్ని ఆ పేజీలోనే చేర్చడానికి రాష్ట్రస్థాయి నిర్ణయం కావాలి. అరెస్టుల బోర్డు మీద ఒడియా కింద తెలుగులో పేరు, సెక్షను, సమయం రాయించడానికి భువనేశ్వర్ దాకా వెళ్లనక్కర్లేదు. జిల్లా ఎస్పీ అనుకుంటే చాలు. రాయగడ, గజపతి జిల్లాల తెలుగు సంఘాలు ఏటా ఉగాది వేదిక మీదికి అధికారుల్ని పిలిచి శాలువాలు కప్పుతూనే ఉంటాయి కదా, ఈసారి శాలువాతో పాటు ఈ అర్జీ కూడా చేతిలో పెట్టొచ్చు.